పందిరి నుండి పుస్తకం దాకా: వేడిమికి సెల్యులోజ్ పొందే మార్పులు

(ప్లాటినం జూబ్లీ విజ్ఞాన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాలకు 75 సంవత్సరాలు నిండిన వేళ ఊరిలో రెండు వస్తువులు తప్పక కనిపిస్తాయి. ఒకటి, ఉత్సవం కోసం వేసిన పందిరి. రెండవది, ఉత్సవ జ్ఞాపకార్థం అచ్చయ్యే సంచిక. పందిరికి వాడే వెదురు, కొబ్బరి మట్టలు, నూలు గుడ్డ, జనపనార తాళ్లు, గుమ్మానికి కట్టే మామిడి తోరణం, సంచికకు వాడే కాగితం చూపులకు వేరువేరుగా ఉన్నా, వాటన్నింటికీ ఆధారమైన పదార్థం ఒక్కటే. దాని పేరు సెల్యులోజ్. ఈ పదార్థం వేడికి ఏమవుతుంది, దానిలో కలిసిన చిటికెడు ఉప్పు ఆ మార్పును ఏ దారి పట్టిస్తుంది, దాని లోపలి అమరిక ఎంతవరకు కాపాడుతుంది అన్నదే ఈ ప్రసంగ విషయం.

ఇది కేవలం ప్రయోగశాలకు చెందిన విషయం కాదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతుండగా పందిరికి నిప్పంటుకొని 400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అధికులు పిల్లలు. 1997 జూన్‌లో తంజావూరు బృహదీశ్వరాలయంలో కుంభాభిషేక వేళ యాగశాల పందిరి తగలబడి పలువురు భక్తులు మరణించారు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాల నుండి లేచిన నిప్పు గడ్డి కప్పుకు పాకి 94 మంది పసిపిల్లలను బలిగొన్నది. పాఠశాల పండుగ జరుపుకొనే ప్రతి ఊరివారూ ఈ మూడు సంఘటనలను గుర్తుంచుకోవాలి. నిప్పు ఎలా పుడుతుందో తెలిసినవారికే దానిని ఎక్కడ ఆపవచ్చునో కూడా తెలుస్తుంది.

సెల్యులోజ్ అంటే ఏమిటి?

1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ వివిధ వృక్షజాతుల నుండి ఒకే రకమైన పీచు పదార్థాన్ని వేరుచేసి చూపాడు. చెట్టు ఏదైనా ఆ పదార్థంలోని మూలకాల పాళ్లు ఒక్కటే. దానికే సెల్యులోజ్ అనే పేరు స్థిరపడింది. ఇది గ్లూకోజ్ చక్కెర అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నిలిచిన పొడవైన గొలుసు. పత్తి పీచులోని ఒక్కొక్క గొలుసులో సుమారు 10,000 గ్లూకోజ్ కణికలు ఉంటాయి. పత్తిలో 90 శాతానికి మించి సెల్యులోజే. కొయ్యలో దాదాపు సగం, గడ్డిలో మూడవ వంతుకు పైగా ఇదే. రాగి ముద్ద అరిగి శక్తినిస్తుంది, రాగి గడ్డి పశువుకు తప్ప మనిషికి అరగదు. రెండింటిలో ఉన్నది గ్లూకోజే అయినా గొలుసు కట్టిన తీరులో భేదం ఉన్నది.

ఈ గొలుసులు పీచులో అంతటా ఒకే తీరుగా ఉండవు. కొన్ని చోట్ల కవాతులో నిలబడిన పిల్లల వలె వరుస తప్పక, దగ్గర దగ్గరగా, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకొని ఉంటాయి. ఇవి స్ఫటిక భాగాలు. మరికొన్ని చోట్ల బడి విడిచిన వేళ గేటు దగ్గర గుమిగూడిన పిల్లల వలె చిక్కుపడి వదులుగా ఉంటాయి. ఇవి అస్ఫటిక భాగాలు. పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు స్ఫటిక భాగమే. సెల్యులోజ్‌ను కరిగించి తిరిగి దారంగా తీసిన రేయాన్‌లో ఈ భాగం చాలా తక్కువ. మొత్తంలో స్ఫటిక భాగం ఎంత ఉన్నదో తెలిపే కొలతకే స్ఫటికత్వం అని పేరు.

వేడిమిలో రెండు దారులు

కొయ్య మండుతున్నదని వాడుకలో అంటారు. నిజానికి మంటగా కనిపించేది కొయ్య కాదు, కొయ్య నుండి వెలువడే ఆవిరులు. పొయ్యిలో కట్టె కొసన సన్నని పొగ చిమ్ముతూ, ఆ పొగకే మంట అంటుకోవడం ప్రతి ఇల్లాలికీ తెలిసిన దృశ్యం. అంటే మంటకు ముందు విచ్ఛిత్తి జరుగుతుంది. గాలితో పని లేకుండానే, వేడికి సెల్యులోజ్ గొలుసులు తెగి వేరే పదార్థాలుగా మారతాయి.

నూరు డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మొదట తేమ ఆరిపోతుంది. తరువాత 200 డిగ్రీల వరకు చెప్పుకోదగిన మార్పు ఉండదు. అక్కడి నుండి రెండు దారులు చీలుతాయి. మొదటి దారిలో గొలుసు నుండి నీరు విడిపోయి బొగ్గు మిగులుతుంది. సెల్యులోజ్‌లోని ఒక్కొక్క కణికలో ఆరు కార్బన్ పరమాణువులు, అయిదు నీటి అణువులకు సరిపడా హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయి. మొత్తం నీరుగా, బొగ్గుగా విడిపోతే లెక్క ప్రకారం 100 గ్రాముల సెల్యులోజ్ 44 గ్రాముల కార్బన్‌ను, 56 గ్రాముల నీటిని ఇవ్వాలి. నీటి ఆవిరి మండదు. బొగ్గు మండినా మెల్లగా కణకణలాడుతుందే తప్ప ఎగసిపడదు.

రెండవ దారి 300 డిగ్రీల ప్రాంతంలో బలపడుతుంది. అక్కడ నీరు విడిపోకముందే గొలుసు కణికకు కణికగా ఊడి లెవోగ్లూకోసాన్ అనే పదార్థంగా ఎగిరిపోతుంది. 1918లో స్విట్జర్లాండులో పిక్టే, సరాసిన్ అనే శాస్త్రజ్ఞులు గాలి లేకుండా సెల్యులోజ్‌ను వేడిచేసి దీనిని సేకరించారు. స్వచ్ఛమైన సెల్యులోజ్‌ను తగిన పరిస్థితులలో వేడిచేస్తే బరువులో సగం, అంతకు మించి కూడా ఈ పదార్థమే వస్తుంది. దీని ఆవిరి, ఇది ఇంకా చీలగా ఏర్పడే వాయువులు గాలితో కలిసి మండిపోతాయి. ఆ మంట వేడి పక్కనున్న సెల్యులోజ్‌ను విడగొడుతుంది. అది మరింత ఆవిరినిస్తుంది. పందిరి ఒక మూల నుండి మరొక మూలకు క్షణాలలో అంటుకోవడానికి ఈ గొలుసుకట్టు చర్యే కారణం. ఈనాడు గాలిలోని పొగ కట్టెల మంట నుండి వచ్చినదా, వాహనాల నుండి వచ్చినదా అని తేల్చడానికి శాస్త్రజ్ఞులు వెదికే గుర్తు కూడా ఈ లెవోగ్లూకోసానే.

కాబట్టి ప్రశ్న ఇది: ఒక గుడ్డ, ఒక గడ్డి పరక వేడెక్కినప్పుడు బొగ్గు దారి పడుతుందా, ఆవిరి దారి పడుతుందా? దానిని నిర్ణయించే వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి అందులో కలిసిన లవణాలు, రెండు స్ఫటికత్వం.

చిటికెడు లవణం చేసే పని

మంటకు లొంగని గుడ్డ కోసం మానవుడు ఏనాటి నుండో ప్రయత్నిస్తున్నాడు. 1735లో ఇంగ్లండులో ఒబడయా వైల్డ్ అనే వ్యక్తి పటిక, వెలిగారం మొదలైన వాటితో గుడ్డను, కాగితాన్ని శుద్ధి చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. నాటకశాలల తెరలు తరచు తగలబడుతుండడంతో ఫ్రాన్సు రాజు పద్ధెనిమిదవ లూయీ ఈ పనిని ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు గే-లుస్సాక్‌కు అప్పగించాడు. అమ్మోనియం ఫాస్ఫేట్, నవాసాగరం, వెలిగారం కలిపిన ద్రావణం గుడ్డను మంట నుండి కాపాడుతుందని 1821లో ఆయన ప్రకటించాడు. రెండు వందల సంవత్సరాలు గడచినా ఆ లవణాల కుటుంబమే నేటికీ వాడుకలో ఉన్నది.

అవి పనిచేసే తీరు ఆశ్చర్యకరమైనది. ఈ లవణాలు సెల్యులోజ్‌ను మరింత వేడికి తట్టుకొనేటట్లు చేస్తాయని సామాన్యంగా అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. అమ్మోనియం ఫాస్ఫేట్ తగిలిన గుడ్డ మామూలు గుడ్డ కంటే కొన్ని పదుల డిగ్రీల తక్కువ వేడికే విడిపోవడం మొదలుపెడుతుంది. వేడికి అమ్మోనియా ఎగిరిపోగా మిగిలిన ఆమ్లం సెల్యులోజ్ నుండి నీటిని ముందుగానే లాగివేస్తుంది. ఆవిరి దారి తెరుచుకొనే వేళకు అక్కడ మిగిలినది చాలావరకు బొగ్గే. గుడ్డ పాడవుతుంది, నల్లబడుతుంది, కాని నిప్పును పక్కవారికి అందించదు. వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిసినప్పుడు కరిగి గాజు వంటి పొరగా పరచుకొని గాలిని కూడా అడ్డుకుంటాయి. వెలిగారం మంటను అణచితే, బోరిక్ ఆమ్లం మంట ఆరిన తరువాత లోలోపల రాజుకొనే నిప్పును అణచుతుంది.

అయితే అన్ని లవణాలూ మేలు చేసేవి కావు. పొటాషియం, సోడియం వంటి క్షార లోహాల లవణాలు వెయ్యింట కొన్ని వంతులు ఉన్నా చాలు, లెవోగ్లూకోసాన్ రాబడి బాగా పడిపోతుంది. బొగ్గు, నీరు, చిన్న చిన్న వాయువులు పెరుగుతాయి. జ్వాల తగ్గుతుంది, కాని ఆ బొగ్గు జ్వాల లేకుండానే గంటల తరబడి రాజుకొనే గుణం పొందుతుంది. చెకుముకి దూదిని సూరేకారపు నీటిలో తడిపి ఆరబెడితే నిప్పురవ్వను వెంటనే పట్టుకోవడానికి ఇది ఒక కారణం. సూరేకారం తనలోని ఆక్సిజన్‌ను కూడా అందిస్తుంది. సిగరెట్టు కాగితానికి సోడియం, పొటాషియం సిట్రేట్లు కలిపి అది కాలే వేగాన్ని సరిచేయడం కూడా ఈ సూత్రం మీదనే. గడ్డిలో సహజంగానే పొటాషియం ఉన్నది. అందువల్లనే గడ్డివామిలో మంట ఆరినట్లు కనిపించినా లోపల నిప్పు మిగిలి, మరునాడు గాలి తగలగానే తిరిగి లేస్తుంది. మామిడి కాయల కాలంలో మండీల వద్ద ఎండుగడ్డి పోగుపడే శ్రీనివాసపురం వంటి ఊరిలో ఈ విషయం గుర్తుంచుకోదగినది. మంట పోయిందని తృప్తిపడక, గడ్డిని విడదీసి లోపలి దాకా నీరు పట్టించాలి.

అన్నిటికంటె చవకైన సంకలితం నీరు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కెలోరీల వేడిని తీసుకుంటుంది. అప్పుడే కోసిన మామిడాకు, కొబ్బరి మట్ట మంటకు త్వరగా లొంగకపోవడానికి కారణం అదే. కాని కోలారు ఎండలో మూడు రోజులు నిలిచిన పచ్చని పందిరి పచ్చనిది కాదు. మొదటి రోజు కాపాడిన తోరణమే మూడవ రోజు నిప్పుకు వత్తిగా మారుతుంది.

అమరిక విలువ

ఇక స్ఫటికత్వం సంగతి. వదులుగా ఉన్న అస్ఫటిక భాగాలలోనికి నీరు, ఆమ్లం, లవణం సులభంగా చొచ్చుకుపోతాయి. బిగువుగా ఉన్న స్ఫటిక భాగాలలోనికి చొరబడలేవు. వేడికి కూడా మొదట లొంగేవి అస్ఫటిక భాగాలే. అవి తక్కువ వేడిలోనే నీటిని వదిలి బొగ్గుగా మారే మొగ్గు చూపుతాయి. స్ఫటిక భాగాలు ఎక్కువ వేడి వరకు నిలిచి, ఒకసారి లొంగిన తరువాత కొద్ది డిగ్రీల వ్యవధిలోనే వేగంగా విడిపోతాయి. అప్పుడు లెవోగ్లూకోసాన్ రాబడి ఎక్కువ. గట్టిగా నిలిచే అమరిక ఆలస్యంగా విడిపోతుందే కాని, విడిపోయినప్పుడు ఎక్కువ ఇంధనాన్ని ఇస్తుందన్నమాట. 1973లో బాష్, లెవిన్ అనే పరిశోధకులు పలు రకాల సెల్యులోజ్ పీచులను పోల్చి, స్ఫటికత్వంతో పాటు గొలుసుల పొడవు, అవి పీచులో ఒకే దిశగా ఒదిగి ఉన్న తీరు కూడా విచ్ఛిత్తిని ప్రభావితం చేస్తాయని చూపారు.

నూలును గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచి మెరుపు తెప్పించే మెర్సరైజేషన్ పద్ధతిలో స్ఫటిక భాగం తగ్గి, అమరిక కూడా మారుతుంది. అటువంటి గుడ్డ రంగును ఎక్కువగా పీల్చుకుంటుంది, లవణాలను కూడా ఎక్కువగా పీల్చుకుంటుంది. అంటే స్ఫటికత్వం, సంకలితం వేరువేరు విషయాలు కావు. సంకలితం ఎంత లోతుకు చేరగలదో నిర్ణయించేది స్ఫటికత్వమే. రెండింటిలో ఏది బలమైనదని అడిగితే, గడ్డి, కొయ్య, నూలు వంటి నిత్యజీవిత వస్తువులలో లవణాలదే పైచేయి. కొద్దిపాటి లవణం చేసే మార్పు అమరికలోని పెద్ద భేదం చేసే మార్పును మించిపోతుంది.

కోలారు జిల్లాకు పేరు తెచ్చిన పట్టు సెల్యులోజ్ కాదు. అది నత్రజని గల మాంసకృత్తు. నిప్పు తగిలితే ముడుచుకొని, వెంట్రుక కాలిన వాసన వేసి, నిప్పు తీసివేయగానే చాలావరకు ఆరిపోతుంది. నూలు అలా ఆగదు. అలాగే నేటి పందిళ్లకు వాడే పాలిస్టర్, నైలాన్ కూడా సెల్యులోజ్ కావు. అవి కరిగి, మండే బొట్లుగా కింద కూర్చున్నవారి మీద రాలుతాయి. సెల్యులోజ్‌కు చెప్పిన పటిక, వెలిగారపు ద్రావణాలు వాటిని కాపాడలేవు.

నెమ్మదిగా కాలే పుస్తకం

పాఠశాల బీరువాలోని పాత రిజిస్టర్లను తెరిచి చూసినవారికి గోధుమరంగు అంచులు, తాకితే పెళుసుగా విరిగే కాగితం తెలిసినవే. ఇది కూడా ఒక విచ్ఛిత్తి, కాకపోతే మంట లేనిది. 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ కాగితం మీద సిరా పాకకుండా ఉండేందుకు పటిక, గుగ్గిలం వాడే పద్ధతిని ప్రచురించాడు. తరువాత ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ పటిక కాగితంలో మెల్లగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లం ముందుగా అస్ఫటిక భాగాలలోని గొలుసులను తెంచుతుంది. స్ఫటిక భాగాలు నిలిచే ఉంటాయి, కాని వాటిని కలిపి ఉంచిన వదులు గొలుసులు తెగిపోతాయి. కాగితం మడతకు ఓర్చుకోలేక విరుగుతుంది. వేడి, తేమ పెరిగిన కొద్దీ ఈ పని వేగం పెరుగుతుంది. పందిరికి మేలు చేసిన పటికే పుస్తకానికి కీడు చేస్తున్నదన్నమాట.

ఇదే దోషం కొయ్యలోనూ బయటపడింది. అమెరికాలో నిప్పు సోకకుండా ఫాస్ఫేట్ లవణాలతో శుద్ధి చేసిన ప్లైవుడ్‌ను ఇళ్ల కప్పులకు వాడారు. ఎండ వేడికి ఆ లవణాలు మెల్లమెల్లగా ఆమ్లంగా మారి కొయ్యను తినివేయగా, 1980 దశకంలో అనేక కప్పులు కొద్ది సంవత్సరాలకే బలహీనపడినట్లు తేలింది. నిప్పు వేళ చేయవలసిన పనిని లవణం ఎండలో ముందుగానే చేయసాగింది. కాబట్టి ఏ లవణం, ఎంత కాలం, ఎంత వేడిలో అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన తరువాతనే దానిని వాడాలి.

ఆచరణకు కొన్ని మాటలు

తాత్కాలిక పందిళ్ల నిర్మాణానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 8758 అనే ప్రమాణాన్ని రూపొందించింది. నూలు గుడ్డను శుద్ధి చేయడానికి పందిళ్ల నిబంధనలలో చెప్పే ద్రావణం పాళ్లు బరువు లెక్కన ఇవి: అమ్మోనియం సల్ఫేట్ 4 భాగాలు, అమ్మోనియం కార్బనేట్ 2, వెలిగారం 1, బోరిక్ ఆమ్లం 1, పటిక 2, నీరు 35 భాగాలు. ఇందులోని ప్రతి వస్తువుకూ పైన చెప్పిన పనులలో ఏదో ఒకటి ఉన్నది. ఈ లవణాలు నీటిలో కరిగేవి గనుక, వేసవిలో ఒక్క మామిడి జల్లు కురిసినా, గుడ్డను ఒక్కసారి ఉతికినా కొట్టుకుపోతాయి. వాన వెలిసిన తరువాత పందిరి మునుపటి వలె ఉన్నట్లు కంటికి తోస్తుంది కాని రక్షణ మిగలదు. గుడ్డను మళ్లీ ముంచి ఆరబెట్టవలసిందే.

శుద్ధి చేసిన గుడ్డ ఉన్నదన్న ధైర్యంతో మిగిలిన జాగ్రత్తలు మానరాదు. వంట పొయ్యి పందిరికి దూరంగా ఉండాలి. విద్యుత్తు తీగల కింద పందిరి వేయరాదు. పాలిస్టర్ గుడ్డలు, నైలాన్ తాళ్లు వాడరాదు. ఎదురెదురుగా రెండు వెడల్పైన దారులుండాలి, వాటికి కుర్చీలు అడ్డం పెట్టరాదు. నీటి తొట్లు, ఇసుక బకెట్లు చేతికందే చోట ఉంచాలి. లవణం చేసేదల్లా పిల్లలు బయటకు నడిచే వ్యవధిని పెంచడమే. ఆ నడిచే దారిని సిద్ధం చేయవలసినవారు పెద్దలు.

ఉపాధ్యాయులు ఈ సూత్రాన్ని తరగతిలో సులభంగా చూపవచ్చు. నూలు గుడ్డ పీలికలు రెండు తీసుకొని, ఒకదానిని మంచినీటిలో, మరొకదానిని వెలిగారం 7 పాళ్లు, బోరిక్ ఆమ్లం 3 పాళ్లు కలిపిన ద్రావణంలో ముంచి బాగా ఆరబెట్టాలి. ఆరుబయట, పట్టకారుతో పట్టుకొని, ఉపాధ్యాయుడే స్వయంగా వాటికి అగ్గిపుల్ల చూపాలి. పక్కన నీటి బకెట్టు ఉండాలి. మొదటిది చివరి దాకా మండిపోతుంది. రెండవది నిప్పు తగిలిన మేర నల్లబడి ఆగిపోతుంది. ఆ నల్లని మరకలో బొగ్గు దారి, ఆవిరి దారి అన్న పాఠమంతా పిల్లవాని కంటికి కనిపిస్తుంది. మూడవ పీలికను కూడా అదే ద్రావణంలో ముంచి ఆరబెట్టి, తిరిగి కుళాయి కింద బాగా కడిగి, ఆరిన తరువాత చూపితే వాన చేసే నష్టం కూడా అర్థమవుతుంది.

ఇక పాత రిజిస్టర్ల విషయం. అవి ఎండ తగలని, తేమ చేరని, గాలి ఆడే చోట ఉండాలి. వంటగది పక్క గదిలోనో, రేకుల కప్పు కిందనో ఉంచరాదు. కొత్త సంచిక ప్రతులలో కొన్నింటినైనా ఆమ్లం లేని కాగితం మీద అచ్చు వేయించి పదిలపరిస్తే, శతజయంతి నాడు ఈ పాఠశాల విద్యార్థులు వాటిని విరగకుండా తిరగవేయగలుగుతారు.

పండుగలు వస్తూనే ఉంటాయి, పందిళ్లు వేస్తూనే ఉంటారు. పందిరి వేయించే కార్యవర్గం వారు ఇకమీదట అద్దె ఎంత అని అడిగే ముందు గుడ్డ ఏది, దానిని దేనిలో ముంచారు, ఎప్పుడు ముంచారు అని అడగడం అలవాటు చేసుకుంటే ఈ ప్రసంగం ప్రయోజనం నెరవేరినట్లే. పందిరి కింద కూర్చున్న ప్రతి బిడ్డా క్షేమంగా ఇల్లు చేరుగాక. స్వస్తి.